చెప్పేవాడే అబద్ధమాడితే?

2014 సంక్రాంతికి వచ్చిన ‘1: నేనొక్కడినే’లో మహేష్‌బాబు హత్య చేశానంటూ పోలీసులకు లొంగిపోతాడు. తీరా చూస్తే అది అతని భ్రమ! సుకుమార్ మనల్ని భలే బోల్తా కొట్టించాడు.

వీడియో గేముల్లో ఇంతకు మించిన తిరకాసు ఉంది. 2001లో జపాన్ కంపెనీ కొనామి తెచ్చిన ‘సైలెంట్ హిల్ 2’లో, చనిపోయిన భార్య ఉత్తరం రాసిందని జేమ్స్ ఊరంతా గాలిస్తాడు. పాపం అనుకుంటూ అతన్ని నడిపించేది మనమే. చివరికి ఆమెను చంపింది అతనే!

ముగింపూ ఒకటి కాదు. భార్య ఫోటో తరచు చూస్తే ఒక వైపు, దొరికిన కత్తిని మాటిమాటికీ పరిశీలిస్తే మరో వైపు కథ మొగ్గుతుంది. నందిగామ కుర్రాడు చూసిన ముగింపు జగ్గయ్యపేట స్నేహితుడికి రాకపోవచ్చు. ఏది అసలుదంటే వాదన తెగదు!

సినిమాలో మోసపోతే దర్శకుణ్ణి తిట్టుకుంటూ బయటికి రావచ్చు. ఇక్కడ బటన్ నొక్కింది మన వేలే. ఎవర్ని తిట్టుకుంటాం చెప్పండి?