ఉప్పల్ బోరు నీళ్లకు ఏ ఫేస్‌వాష్ పడుతుంది? ఎందుకు?

ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వైపు కొత్తగా అద్దెకు దిగినవాళ్లు తరచూ అడిగే మాట ఇది: "ఊళ్లో వాడిన సబ్బే కదా, ఇక్కడ ముఖం కడగ్గానే ఎందుకిలా బిగుసుకుపోతోంది?" సబ్బు మారలేదు, నీళ్లు మారాయి. అందుకే ఫేస్‌వాష్ ట్యూబు వెనకనున్న చిన్న అక్షరాల దగ్గరికి వెళ్లేముందు కొళాయి దగ్గర కాసేపు ఆగాలి.

నీళ్లలో ఏముంది?

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు రాయి. వాన నీరు శిథిలమైన రాతి పొరల్లోంచి, పగుళ్లలోంచి మెల్లగా దిగుతూ కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కరిగించుకుంటుంది. ఎంత లోతు బోరులోంచి తోడితే అంత గట్టి నీళ్లు అనే లెక్క ఏమీ లేదు కానీ, ఈ ప్రాంతంలో బోరు నీళ్లు మెత్తగా ఉండటం అరుదు. గ్రానైటు నేలల్లో భూగర్భ జలం ఎలా కదులుతుందో పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ ఉన్నది కూడా ఉప్పల్ రోడ్డు మీదే. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. మీ ఇంటి నీళ్ల సంగతి తెలియాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. బకెట్ అంచున తెల్లటి చార, గీజరు లోపల సున్నం పెంకు, కొళాయి మూతి చుట్టూ గరుకు ఉంటే అవి గట్టి నీళ్లే. జలమండలి నీళ్లు వచ్చిన రోజున అదే సబ్బు ఎక్కువ నురగనిస్తుంది. ఆ నీళ్లు ఇప్పుడు ఎక్కువగా కృష్ణ, గోదావరి నుంచే వస్తున్నా, మనలో చాలామందికి అవి ఇంకా మంజీరా నీళ్లే.

సబ్బుకూ ఈ నీళ్లకూ ఎందుకు పడదు?

అసలైన సబ్బు అంటే నూనెలోని కొవ్వు ఆమ్లం సోడియంతో కలిసిన లవణం. అట్ట మీద సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్, సోడియం కోకోయేట్ అని రాసి ఉంటే అది సబ్బేనని అర్థం. గట్టి నీళ్లు తగలగానే కాల్షియం వచ్చి సోడియం చోటు ఆక్రమిస్తుంది. అలా ఏర్పడిన కాల్షియం సబ్బు నీటిలో కరగదు. నురగ రాకపోగా జిగటగా ఉండే తెల్లటి మడ్డి మిగిలి, కొంత ముఖానికే పట్టుకుంటుంది. ఎంత కడిగినా ఇంకా ఏదో మిగిలినట్టు అనిపించడం భ్రమ కాదు.

రెండో కారణం పీహెచ్. చర్మం పైపొర కొద్దిగా ఆమ్ల గుణంతో 5కు అటూ ఇటూ ఉంటుంది. సబ్బు 9 నుంచి 10 దాకా పోతుంది. ఆ క్షారం చర్మకణాల మధ్యనున్న కొవ్వులను కదిలించి లాగేస్తుంది, లోపలి తేమ త్వరగా ఆవిరవుతుంది. ముఖం బిగుసుకుంటే బాగా శుభ్రపడినట్టు అనుకునేవాళ్లు చాలామంది. ఆ బిగువు చర్మానికి జరిగిన నష్టం. కొన్ని గంటలు వదిలేస్తే చర్మం తనంతట తానే కోలుకుంటుంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా పైవంతెన పనులు మొదలైనప్పటి నుంచి వరంగల్ రోడ్డున పోయేవాళ్లు తిన్న దుమ్ముకు రోజుకు నాలుగుసార్లు ముఖం కడగాలనిపించడం సహజమే, కానీ అలా కడిగితే కోలుకునే వ్యవధి చర్మానికి దొరకదు. దుమ్ముకు ఉత్త నీళ్లు చాలు.

సబ్బు కొనేటప్పుడు టీఎఫ్ఎం అంకె చూసే అలవాటు మంచిదే. టాయిలెట్ సబ్బు మొదటి గ్రేడుకు 76 శాతం, రెండోదానికి 70, మూడోదానికి 60 ఉండాలి. కానీ ఆ అంకె చెప్పేది అందులో కొవ్వు పదార్థం ఎంత ఉందని మాత్రమే. 76 శాతం సబ్బుకు కూడా బోరు నీళ్లతో ఇదే తగాదా.

సబ్బు కానిది ఎలా కడుగుతుంది?

మురికిని పట్టుకునే పద్ధతి సబ్బుకూ, సబ్బు కాని ఫేస్‌వాష్‌కూ ఒకటే. కడిగే పదార్థపు అణువుకు ఒక కొస నీటిని కోరుతుంది, ఇంకో కొస నూనెను కోరుతుంది. నూనె కొసలన్నీ జిడ్డు చుట్టూ గుమిగూడి లోపలికి తిరుగుతాయి, నీటి కొసలు బయటికి ఉంటాయి, ఆ చిన్న ఉండ నీళ్లతో కొట్టుకుపోతుంది. ఫేస్‌వాష్‌లో తేడా నీటి కొసలో ఉంది. సబ్బు కొసలా అది కాల్షియానికి సులువుగా లొంగదు. పీహెచ్‌ను కూడా చర్మానికి దగ్గరగా ఉంచే వీలు దొరుకుతుంది.

ఈ పదార్థాల్లో ఎక్కువ వాటికి ముడిసరుకు కొబ్బరి నూనె, పామ్ గింజల నూనె. అందుకే లేబుళ్ల మీద కోకో, లారిల్ అన్న ముక్కలు అన్నిసార్లు కనిపిస్తాయి. నూనెల రసాయనం ఉప్పల్ రోడ్డుకు పాత చుట్టమే. 1944లో నిజాం కాలపు ప్రయోగశాలగా మొదలై, తర్వాత ఆర్ఆర్ఎల్‌గా, ఇప్పుడు ఐఐసీటీగా తార్నాకలో ఉన్న సంస్థ నూనెలు, కొవ్వుల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది.

జాబితాలో వాటిని ఎలా గుర్తుపట్టాలి? సోడియం లారిల్ సల్ఫేట్ గట్టిగా కడుగుతుంది, గట్టిగానే చురుక్కుమనిపిస్తుంది. చర్మ పరిశోధనల్లో కావాలని మంట పుట్టించడానికి వాడేది దీన్నే. సోడియం లారెత్ సల్ఫేట్ దానికంటే మెత్తన. కోకమిడోప్రొపైల్ బీటైన్ పక్కన చేరితే ఇంకా మెత్తబడుతుంది, అయితే కొద్దిమందికి దానితోనే అలర్జీ వస్తుంది. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ నాకు బాగా నచ్చినది. 1957లో వచ్చిన డవ్ బిళ్ల నిలబడింది దాని మీదే. డెసిల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ కూడా సున్నితమైనవే. జాబితా చివర ఈడీటీఏ అనే పేరుంటే దాన్ని తప్పుగా అనుకోవద్దు. కాల్షియాన్ని పట్టి ఉంచడం దాని పని. మన నీళ్లకు అది పనికొచ్చే తోడు.

పేరు ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కూడా సరికాదు. పాత సీటాఫిల్ క్లెన్సర్‌లో సోడియం లారిల్ సల్ఫేట్ ఉండేది. అయినా చర్మ వైద్యులు పొడి చర్మానికి దాన్నే రాసేవారు. పరిమాణం తక్కువ, పైగా సిటైల్ ఆల్కహాల్ తోడుంది. ఆల్కహాల్ అనగానే ఉలిక్కిపడతారు గానీ, సిటైల్, స్టియరిల్ ఆల్కహాళ్లు మైనంలాంటి కొవ్వులు, చర్మాన్ని ఎండగట్టవు.

వేప, పసుపు, విటమిన్ సి ఎంత పనిచేస్తాయి?

2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లేబుల్ మీది పదార్థాల్లో ఒక శాతం కంటే ఎక్కువున్నవాటిని పరిమాణం తగ్గే వరుసలో రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువవి ఆ తర్వాత ఏ క్రమంలోనైనా ఉండొచ్చు. ఇక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. ఫినాక్సీఇథనాల్ అనే నిల్వ పదార్థాన్ని సాధారణంగా ఒక శాతం మించనివ్వరు. దాని తర్వాత కనిపించేవన్నీ దాదాపు ఒక శాతం లోపువే. ముందు వైపు నిండా వేపాకు బొమ్మ, వెనక వేప సారం ఆ పేరు తర్వాత ఉంటే, అది చారులో ఇంగువంతే. అదీ అర నిమిషంలో సింకులోకి పోయేదే. డబ్బు పెట్టాల్సింది కడిగే పదార్థానికి, బొమ్మకు కాదు.

సాలిసిలిక్ ఆమ్లం మాత్రం కొంత మినహాయింపు. అది నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు నిండిన రంధ్రంలోకి దిగగలదు. 2 శాతం లోపు ఉన్న ఫేస్‌వాష్ మొటిమలున్నవారికి ఎంతో కొంత ఉపకరిస్తుంది. మెంథాల్ చల్లదనం శుభ్రతకు గుర్తు కాదు. పర్ఫ్యూమ్ అన్న ఒక్క మాట వెనక పదుల పదార్థాలు ఉండొచ్చు. దద్దుర్లు వచ్చే చర్మమైతే అది లేనిదే మేలు. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే పేరు కూడా వాళ్లు చూసుకోవాలి.

సున్నిపిండి, కుంకుడుకాయ సంగతి?

కుంకుడులోని సపోనిన్ గట్టి నీళ్లకు భయపడదు, తలకు మంచిదే. కంట్లో పడితే ఎంత మండుతుందో అందరికీ తెలుసు, ముఖానికి వద్దు. సున్నిపిండి జిడ్డు పీలుస్తుంది. మెత్తగా జల్లించినదై, రుద్దకుండా వాడితే పర్వాలేదు, మొటిమల మీద మాత్రం రుద్దొద్దు.

నాచారం షెడ్లలో పనిచేసే తమ్ముళ్లకు ఒక మాట. ముఖాన గ్రీజు పడితే థిన్నరు, కిరోసిన్, బట్టల పౌడరు వాడకండి. కాస్త కొబ్బరి నూనె రాసి గ్రీజు కరిగాక గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు కాని క్లెన్సర్‌తో ఒక్కసారి కడిగితే పోతుంది. ఆ క్లెన్సర్ లేక సబ్బే వాడితే, చివరి రెండు చెంబులు మంజీరా నీళ్లతో కడిగినా తేడా తెలుస్తుంది. మంట, ఎరుపు, పొట్టు వారం దాటినా తగ్గకపోతే ఇంకో ట్యూబు కొనకండి. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు నాచారంలోనే ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు వాడుతున్న ట్యూబును పారేయకుండా వెంట తీసుకెళ్లండి. దాని వెనక రాసింది చూస్తేనే డాక్టరుకు కారణం దొరుకుతుంది.