గ్రంథము వ్రాసిన పిమ్మట

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మనవారి సామెత. పుస్తకము నచ్చువేయించి చూడుమను మాట కూడ దీనికి జేర్పదగియున్నది. మన సోదరీమణులలో కథలు, నవలలు, గేయములు, వంటల పద్ధతులు, యాత్రావిశేషములు వ్రాసి పెట్టుకొన్నవారు నేడు పెక్కురు కలరు. పత్రికలలో నాలుగు రచనలు వెలువడిన పిదప వానిని గ్రంథరూపమున జూచుకొనవలెనను కోరిక పుట్టుట సహజము, ప్రశంసనీయము కూడను. కాని వ్రాయుటకు ఏండ్లు వెచ్చించినవారు ప్రచురణ వ్యవహారము తెలిసికొనుటకు ఒక మాసమైనను వెచ్చింపరు. అందువలన ననేకులు కూడబెట్టుకొన్న సొమ్ము పోగొట్టుకొని, విప్పని పుస్తకముల కట్టలను అటుకమీద జూచి నిట్టూర్చుచున్నారు. ఇది తప్పించుకొనదగిన దుఃఖమే.

పూర్వము కవి తన కృతిని కన్యగా భావించి తగిన కృతిభర్తకు సమర్పించెడివాడు. పోషణభారము కృతిభర్తదే. అచ్చుయంత్రము వచ్చిన పిదప ఆ స్థానము పాఠకులకు జెందినది. 1906వ సంవత్సరమున హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారులను గూర్చుకొని చరిత్రగ్రంథములను, శాస్త్రగ్రంథములను బ్రకటించెను. స్త్రీల రచనలకు పత్రికలే పుట్టినిండ్లైనవి. కనుపర్తి వరలక్ష్మమ్మగారి శారదలేఖలు గృహలక్ష్మి పత్రికలో వెలువడి, పాఠకురాండ్ర యభిమానము చూరగొనిన పిదపనే గ్రంథరూపము దాల్చినవి. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ యను నవలయు జ్యోతి మాసపత్రికలో ధారావాహికముగా వచ్చిన తరువాతనే పుస్తకమై యింటింట బ్రవేశించినది. ఈ రెంటియందును గమనింపదగిన దొక్కటే: పుస్తకము పుట్టునప్పటికే దానికై యెదురుచూచు చదువరు లుండిరి.

నేడు తెలుగున గ్రంథము వెలువడు మార్గములు ముఖ్యముగా రెండు. మొదటిది, ప్రచురణకర్త తన సొమ్ముతో నచ్చొత్తించి, తానే విక్రయించి, గ్రంథకర్త్రికి బ్రతిఫల మిచ్చుట. దీనినే రాయల్టీ యందురు. అది సాధారణముగా ముద్రిత మూల్యములో నూటికి పది రూపాయల ప్రాంతమున నుండును. ఇందు నష్టభయము ప్రచురణకర్తది. కావున నతడు వ్రాతప్రతులను బరీక్షించి కొన్నింటినే గ్రహించును. తిరిగి వచ్చిన వ్రాతప్రతిని జూచి యవమానము తలపనక్కరలేదు. రెండవది, గ్రంథకర్త్రియే వ్యయము భరించి యచ్చువేయించుకొనుట. కవితాసంపుటములు, కథాసంపుటములు పెక్కు ఈ మార్గముననే వెలువడుచున్నవి. ఇందును జిన్నతనము లేదు. వీరేశలింగము పంతులుగారు తమ పత్రికకును గ్రంథములకును ముద్రాక్షరశాలనే నెలకొల్పుకొనిరి.

భయపడవలసినది ఈ రెంటి నడుమ నున్న మూడవదానికి. మొదటి మార్గమువారి వేషము ధరించి రెండవ మార్గమున నడచువారు కొందరు కలరు. "మీ రచనను మేము ప్రత్యేకముగా నెన్నుకొంటిమి" అని శ్లాఘించుచు లేఖ వ్రాసి, పిదప ముద్రణలో మీ వంతనియు, ప్రచారవ్యయమనియు వేలకొలది రూపాయలు గోరుదురు. హక్కులు కూడ వ్రాయించుకొందురు. ఇట్టివారిని గుర్తించుటకు ఒక్క ప్రశ్న చాలును: సొమ్మెవరిది? సొమ్ము మీదైనచో ప్రచురణకర్త మీరే. ఎదుటివారు ముద్రాపకులు మాత్రమే. వారికి గూలి యీయవలెను గాని హక్కు లీయరాదు. అక్షరములు కూర్చుట కెంత, ప్రూఫులు దిద్దుట కెంత, ముఖచిత్రమున కెంత, కాగితమున కెంత, బైండింగున కెంత యని విడివిడిగా వ్రాయించి పుచ్చుకొనుడు. అచ్చైన ప్రతులన్నియు మీవే యని కూడ వ్రాయించుకొనుడు.

ఇంటి జమాఖర్చులు వ్రాయు గృహిణికి ఈ లెక్క కష్టము కాదు. మన పుస్తకములలో బెక్కు డెమ్మీ యెనిమిదవ వంతు పరిమాణమున నుండును. పదునారు పుటలొక ఫారము. 160 పుటల పుస్తకము 10 ఫారములు. లెక్క కొరకు, 500 ప్రతులకు అన్నియు గలిసి 40,000 రూపాయలైన దనుకొందము. ప్రతి యొక్కింటికి 80 రూపాయలు పడినది. వెల 150 రూపాయలుగా నిర్ణయించి, విక్రేతకు నూటికి 40 వంతున కమీషన్ ఇచ్చినచో, 60 పోగా 90 చేతికి వచ్చును. లాభము ప్రతికి 10 రూపాయలే. బంధుమిత్రులకు, సమీక్షకులకు, సభకు వచ్చిన పెద్దలకు 100 ప్రతులు ఉచితముగా బంచి, మిగిలిన 400 అన్నియు నమ్మినను వచ్చునది 36,000. అనగా 4,000 నష్టము. ఆ నాలుగు వందలలో సగమే యమ్ముడైనచో నష్టము 22,000. కోరినన్ని ప్రతులే యచ్చొత్తి యిచ్చు యంత్రములు నేడున్నవి. మొదట నూరు ప్రతులు వేయించి, అవి చెల్లిన పిదప మరల వేయించుట వివేకము. ప్రతికి వ్యయము కొంత హెచ్చినను అటుక నిండదు.

ఇక హక్కుల మాట. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ననుసరించి, ఉద్యోగధర్మముగా వ్రాసినవి తప్ప, రచనపై మొదటి హక్కు రచయిత్రిదే. నమోదు చేయింపకున్నను ఆ హక్కు కలుగును. ఆమె జీవితకాలమును, తదనంతరము 60 ఏండ్లును నిలుచును. వ్రాతమూలకముగా, సంతకముతో దప్ప అది మరియొకరికి బోదు. ఏ హక్కు, ఎంతకాలము, ఏ ప్రాంతమునకు, ఎంత ప్రతిఫలమునకు అను నాలుగంశములు ఒడంబడికలో నుండవలెను. కాలము వ్రాయనిచో ఐదేండ్లనియు, ప్రాంతము వ్రాయనిచో భారతదేశమనియు జట్టము గ్రహించును. పుచ్చుకొన్నవారు ఒక యేడాదిలో నా హక్కును వినియోగింపనిచో, ఒడంబడికలో వేరుగా లేనియెడల, అది వారినుండి జారిపోవును. అనువాదము, చలనచిత్రము, శ్రవ్యగ్రంథము ఇవన్నియు వేరువేరు హక్కులు. "సర్వహక్కులును శాశ్వతముగా" అను మాట కనబడినచోట కలము క్రింద బెట్టి, తెలిసినవారి నడుగుడు.

ప్రచారమనగనే మనకు ఆవిష్కరణసభ స్ఫురించును. సభ వేడుకయే గాని విక్రయము కాదు. శాలువలకును, ఫలహారములకును అగు వ్యయములో గొంత మిగిల్చి, తపాలాకు వినియోగించుట మేలు. పత్రికలకు సమీక్షార్థము రెండేసి ప్రతులు, గ్రంథవిషయము తెలుపు చిన్న లేఖతో బంపుడు. జిల్లా గ్రంథాలయ సంస్థలును, 1972లో కలకత్తాయందు నెలకొన్న రాజా రామమోహన రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానమును గ్రంథాలయములకై పుస్తకములు కొనుట కలదు. అది నిశ్చితమైన రాబడి కాదు గాని, ప్రయత్నింపదగినది. విజయవాడ, హైదరాబాదు పుస్తక ప్రదర్శనలలో నొక విక్రేత బల్లపై జోటు సంపాదించుడు. వీటన్నిటికంటె ముఖ్యము మీ గ్రంథమునకు సహజపాఠకు లెవరో గుర్తించుట. గ్రామచరిత్ర వ్రాసినచో నా గ్రామపు పాఠశాలయు, ఆ యూరు విడిచి దూరదేశములందున్న వారును. వంటల పుస్తకమైనచో క్రొత్తగా గాపురము పెట్టిన పడుచులును. అచ్చునకు ముందే కొన్ని పుటలను పత్రికలందు వెలువరించుట, చేతిఫోనుద్వారా చదివి వినిపించుట, ముందుగా పేర్లు నమోదు చేసికొనుట నేడు సులభము. ఒకనాటి చందాదారుల పద్ధతికిది క్రొత్తరూపము.

గ్రంథకర్త్రియే ప్రచురణకర్త యైనపుడు రెండు విధులు కలవు. ఐ.ఎస్.బి.ఎన్. అను అంతర్జాతీయ గ్రంథసంఖ్యను కేంద్రప్రభుత్వపు సంస్థయే వెల లేకుండ నిచ్చును. దానికై యితరులకు సొమ్మీయనక్కరలేదు. మరియు 1954వ సంవత్సరపు చట్టము ప్రకారము, వెలువడిన 30 దినములలో ఒక్కొక్క ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, చెన్నపట్టణపు కన్నెమరా గ్రంథాలయము మొదలగు మరి మూడింటికిని స్వంత వ్యయముతో బంపవలెను. ఈ విధిని బెక్కురు మరచుచున్నారు. దీనివలని మేలు గ్రంథకర్త్రిదే.

భండారు అచ్చమాంబగారి ధనత్రయోదశి యను కథ 1902లో హిందూసుందరి పత్రికయందు వెలువడినది. ఆమె 1905లో పిన్నవయసుననే గతించిరి. ఆనాటి పత్రిక లెచ్చటనో భద్రముగా నిలిచినందుననే నేటి వారామెను జదువగలుగుచున్నారు. ఇంటిపెట్టెలో మాత్రమే యున్న వ్రాతలు ఇల్లు మారినపుడు పోవును. కావున సోదరీమణులారా, లెక్క చూచుకొని, చదివి సంతకము చేసి, కొలదిగానే యచ్చువేయించుడు. గ్రంథాలయములందు మాత్రము తప్పక యుంచుడు. మీ మనుమరాలు మీ పేరు వెదకికొనుచు వచ్చిన దినమున మీ పుస్తక మామెకు దొరకవలెను.