రెండు వారాల్లోపే వెయ్యి రెట్ల మందు తట్టుకున్న క్రిమి

గేదెకు పొదుగు వాపు వస్తే, నిరుడు పనిచేసిన సూదిమందు ఈ ఏడు పనిచేయడం లేదని మీలో చాలామంది అంటుంటారు. కొట్టువాడు నకిలీది అంటగట్టాడని అనుమానిస్తారు. అదీ జరగొచ్చు. కానీ మందు అసలైనదే అయినా, దాన్ని తట్టుకునే క్రిమి తయారై ఉండొచ్చు. అది ఎలా తయారవుతుందో కంటికి కనిపించేలా చూపించారు, అమెరికాలో బోస్టన్ నగరంలోని హార్వర్డ్ వైద్య విద్యాలయంలో.

అక్కడ 2003లో సిస్టమ్స్ బయాలజీ అనే విభాగం పెట్టారు. పేరు చూసి బెదరకండి. మీరు చేలోకి దిగితే ఒక్క ఆకునే చూడరు కదా! నేల, నీరు, పురుగు, ఎరువు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చూస్తారు. జీవకణాన్నీ అలా మొత్తంగా చూసే శాస్త్రమిది. అందుకే అక్కడ జీవశాస్త్రం వాళ్ల పక్కనే లెక్కల వాళ్లు, భౌతికశాస్త్రం వాళ్లు, కంప్యూటర్ల వాళ్లు కూర్చుని పనిచేస్తారు. ఈ ప్రయోగం చేసినవారిలో రాయ్ కిషోనీ చదివింది భౌతికశాస్త్రం, మైకేల్ బేమ్ చదివింది గణితం.

అసలిది పాఠం చెప్పడానికి పుట్టిన ఆలోచన. క్రిములు మందుకు లొంగకుండా ఎలా మారతాయో విద్యార్థులకు కళ్లకు కట్టాలనుకున్నారు. 2011లో వచ్చిన 'కంటేజియన్' అనే సినిమా ప్రచారానికి, సూక్ష్మజీవులను అక్షరాలుగా పెంచి ఒక బోర్డు పెట్టారు. దాన్నుంచే వీళ్లకు ఉపాయం తట్టింది. సినిమా బోర్డు వల్ల ఇంత మేలు జరగడం అరుదే!

రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న పళ్లెం చేశారు. అందులో క్రిములకు మేతగా 14 లీటర్ల అగార్ అనే జిగురు పదార్థం పోశారు. వరి మడులకు గట్లు వేసినట్టు తొమ్మిది పట్టీలు చేశారు. రెండు చివరల మందు లేదు. పక్క పట్టీలో క్రిమిని చంపడానికి సరిపోయేంత, ఆ పక్కన పది రెట్లు, తర్వాత వంద, నట్టనడుమ వెయ్యి రెట్లు. మందు పేరు ట్రైమెథోప్రిమ్. సల్ఫాతో కలిపి మనకూ, పశువులకూ మాత్రలుగా ఇచ్చేదే. చివరల్లో ఇ.కోలి క్రిములను వదిలి, పైన కెమెరా బిగించారు.

మందు గట్టు దగ్గర క్రిములన్నీ ఆగిపోయాయి. కోట్ల పిల్లల్లో ఏ ఒక్కదానికో పుట్టుకలో చిన్న మార్పు వచ్చింది. అది గట్టు దాటింది. దాని సంతతి పట్టీ అంతా పాకి, మళ్లీ ఆగి, మళ్లీ దాటింది. రెండు వారాల్లోపే నడిమి పట్టీకి చేరాయి! ఈ ఫలితాలు 2016లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. వాటిలో మనం పట్టుకోవలసింది ఒకటుంది. మందు లేనిచోటి నుంచి ఒక్కసారిగా గాఢమైన మందులోకి దాటడం క్రిమికి కష్టమైంది. మధ్యలో తక్కువ మందు పట్టీలుంటే, అవే దానికి మెట్లయ్యాయి.

పత్తి రైతుకు ఇది వింతేం కాదు. 1980ల చివర్లో కోస్తా జిల్లాల్లో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్లకు లొంగకుండా పోయింది ఇలాగే.

పళ్లెం వేరు, పశువు ఒళ్లు వేరు, నిజమే. అయినా డాక్టరు అయిదు రోజులు రాస్తే, గేదె మేతకు మూతి పెట్టిందని రెండో రోజే ఆపేయడం, బరువు కోసం కోళ్ల దాణాలో చిటికెడు చిటికెడు కలపడం ఆ మెట్లు కట్టడం లాంటిదే. మనుషులకు ఇతర మందులు పనిచేయనప్పుడు ఆఖరున వాడే కొలిస్టిన్‌ను పశువులు, కోళ్లు, చేపలు, రొయ్యల కోసం తయారుచేయడం, అమ్మడం కేంద్రం 2019 జులైలో నిషేధించింది. దాణా సంచిపై ఆ పేరుంటే కొనకండి.

పొదుగు వాపు మళ్లీ మళ్లీ వస్తుంటే, చనుమొనలు శుభ్రంగా తుడిచి, మొదటి ధారలు వదిలేసి, ఉడకబెట్టి ఆరిన సీసాలో కొద్దిగా పాలు పట్టి పశు వ్యాధి నిర్ధారణ ల్యాబుకు పంపమని మీ పశువైద్యుణ్ణి అడగండి. ఏ మందుకు ఆ క్రిమి చస్తుందో అక్కడ చూసి చెబుతారు. సూది వేయించాక కాదు, వేయించకముందే పాలు పట్టాలి.