జీడి మెషీన్‌కి గేర్ విరిగితే: కాశీబుగ్గకి ఫ్యాబ్ ల్యాబ్ ఎందుకు కావాలి?

కాశీబుగ్గలో ఓ జీడి యూనిట్. పప్పు గ్రేడింగ్ మెషీన్‌లో పది గ్రాముల ప్లాస్టిక్ గేర్ విరిగిందనుకోండి. కంపెనీ నుంచి పార్ట్ వచ్చేదాకా మెషీన్ ఆగుతుంది, దాని మీద పనిచేసేవాళ్ల కూలీ కూడా ఆగుతుంది. అదే గేర్‌ని 3డి ప్రింటర్‌లో తీస్తే ఫిలమెంట్ ఖర్చు పది, పదిహేను రూపాయలు. ఎంట్రీ లెవల్ ప్రింటర్లు కూడా ఇప్పుడు 20 వేల దగ్గర్నుంచే దొరుకుతున్నాయి. అంటే ఓ మిడ్ రేంజ్ ఫోన్ ధర!

మరి కొనేస్తే సరిపోతుందా? సరిపోదు. అందరూ మొదట వాడే పీఎల్ఏ ఫిలమెంట్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. పిక్కలు ఉడికించే బాయిలర్ పక్కన పెడితే గేర్ వంగిపోవడం ఖాయం. అక్కడ నైలాన్ కావాలి, ఒక్కోసారి సీఎన్‌సీలో కోసిన మెటల్ కావాలి. పప్పుకి నేరుగా తగిలే పార్ట్‌లైతే ప్రింట్ చేయకపోవడమే మంచిది, పొరల మధ్య మురికి చేరుతుంది. పైగా విరిగిన ముక్కని కొలిచి క్యాడ్‌లో గీసేవాళ్లు ఉండాలి. ఇవన్నీ ఒకేచోట, ఎవరైనా వచ్చి వాడుకునేలా ఉంటే దాన్నే ఫ్యాబ్ ల్యాబ్ అంటారు. ఎంఐటీలో పుట్టిన ఈ ఐడియా బయటికొచ్చిన తొలి చోట్లలో ఒకటి మన దేశంలోనే ఉంది: పుణె దగ్గర పాబల్ అనే పల్లెటూరు, 2002లో.

చట్టసభల సంగతికొద్దాం. అమెరికా కాంగ్రెస్‌లో బిల్ ఫోస్టర్ అనే ఎంపీ ఉన్నారు, స్వతహాగా ఫిజిక్స్ సైంటిస్ట్. ప్రతి 7 లక్షల మందికి ఒక ఫ్యాబ్ ల్యాబ్ ఉండాలని 2013లో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు, కానీ ఆ లెక్క బాగుంది. 2011 జనాభా ప్రకారం ఇప్పటి శ్రీకాకుళం జిల్లా సుమారు 22 లక్షలు. అంటే మనకి మూడు రావాలి!

మన దగ్గర ఏమున్నాయి? హైదరాబాద్‌లో 2023లో తెరిచిన టీ-వర్క్స్ 78 వేల చదరపు అడుగులు, సూపర్. కానీ పలాస నుంచి 800 కిలోమీటర్లు. 2025లో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. దాని శాఖల్లో మనకి దగ్గరది విశాఖ. గేర్ కోసం అంతదూరం ఎవరెళ్తారు? ఇక స్కూళ్లలోని అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు. వాటిలో 3డి ప్రింటర్లున్నా అవి 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం పెట్టినవి.

ఎంపీకి ఏటా 5 కోట్ల నియోజకవర్గ నిధులుంటాయి. అసలు చిక్కు ఇక్కడే. ఆ డబ్బుతో ఆస్తులు సమకూర్చొచ్చు గానీ జీతాలు, నిర్వహణ ఖర్చులు ఇవ్వకూడదు. అంటే బిల్డింగ్ వస్తుంది, టెక్నీషియన్ రాడు. అటల్ ల్యాబ్‌కిచ్చే 20 లక్షల్లో సగం ఐదేళ్ల నిర్వహణకే పెట్టారంటే కారణం అదే. అందుకే మీ ఎమ్మెల్యే, ఎంపీ ఊళ్లోకొచ్చినప్పుడు ల్యాబ్ ఒక్కటే అడక్కండి. మూడో ఏడాది ఫిలమెంట్‌కీ, టెక్నీషియన్‌కీ డబ్బు ఎవరిస్తారో కూడా అడగండి.