‘అండా’ అంటే గుడ్డే కదా!

గాజువాకలో ఓ అంగన్‌వాడీ అనుకోండి. భోజనాల వేళ. నాలుగేళ్ల గుంటడొకడు కంచం ముందు కూర్చుని ‘అండా’ అన్నాడు. పక్కనున్న పిల్లలంతా కిసుక్కున నవ్వారు. అంతే, వాడు మళ్లీ నోరు విప్పితే ఒట్టు! పాపం, వాడడిగింది గుడ్డే. ఒడియాలో గుడ్డుని అండా అంటారు. వారం తిరిగేసరికి వాడికి ‘మూగోడు’ అనే పేరు ఖాయమైపోయింది.

ఇది ఊహించుకున్న సీనే. కానీ వైజాగ్ వాళ్లకి పెద్ద కొత్తగా ఏమీ అనిపించదు. 1933లో పోర్టు మొదలైంది, 1971లో స్టీల్‌ప్లాంటుకి శంకుస్థాపన జరిగింది. ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్... పని ఉన్నచోటికి జనం వస్తూనే ఉన్నారు. అమ్మానాన్నలు పనిచోట ఎలాగోలా నాలుగు తెలుగు ముక్కలు పట్టేస్తారు. మరి పిల్లలు? ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు, రేపు బడి పుస్తకంలో ఇంగ్లిష్. నాలుగేళ్లకే మూడు భాషలు!

ఇంతకీ ఆ గుంటడి మౌనం జబ్బేం కాదు. రెండో భాషలోకి అడుగుపెట్టే చిన్నపిల్లల్లో ఇది మామూలే అని ప్యాటన్ టేబర్స్ అనే అమెరికా పరిశోధకురాలు 1997లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. మొదట పిల్లలు ఇంటి భాషలోనే మాట్లాడతారు. ఎవరికీ అర్థం కావట్లేదని తెలిశాక ఆపేస్తారు. వేలు చూపించి, చెయ్యి పట్టుకుని లాగి పని కానిచ్చుకుంటారు. చెవులు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. తర్వాత ‘టీచర్ నీళ్లు’, ‘నాది’, ‘ఒద్దు’ లాంటి ముక్కలు వస్తాయి. ఆపైనే సొంత వాక్యాలు. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. అయితే ఇంట్లో, సొంత భాషలో కూడా మాట్లాడకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే ఆలస్యం చేయొద్దు, వినికిడి పరీక్ష చేయించాల్సిందే.

మీ వీధిలోనూ అలాంటి పిల్లలుంటారు. మీరేం చేయొచ్చు? మాట్లాడటమే. పాప ‘కుక్క’ అంటే ‘ఊఁ’ అనేసి ఫోన్లోకి తల దించేయకండి. ‘అవును, నల్లకుక్క! చూడు, తోక ఊపుతోంది’ అనండి. ఒక్క మాటకి నాలుగు మాటలు కలిశాయి కదా. ‘నాన్న వచ్చింది’ అంటే నవ్వకండి. ఒడియా, బెంగాలీ క్రియల్లో మగ, ఆడ తేడా ఉండదు మరి. ‘తప్పు’ అనకుండా ‘ఓ, నాన్న వచ్చాడా? ఏం తెచ్చాడు?’ అని అడిగితే చాలు. సరైన మాట వాడి చెవిన పడింది, కబురూ ఆగలేదు.

ఫోన్ ఇచ్చేసి తెలుగు రైమ్స్ పెట్టేస్తే సరిపోదా అంటారా? 2003లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్లకి చైనా మాండరిన్ వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు ఆ భాష ధ్వనుల్ని గుర్తుపట్టారు. అదే వీడియోలో చూపిస్తే ఏమీ పట్టుకోలేదు. స్క్రీన్ తిరిగి జవాబు చెప్పదు కదా!

ఇంకో ఉచిత సలహా ఉంది. ‘ఇంట్లో కూడా తెలుగే మాట్లాడండమ్మా’ అని. నాకైతే ఇది వింటేనే ఒళ్లు మండుతుంది. ఆ తల్లికి వచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో బిడ్డకి కథేం చెబుతుంది? లిల్లీ వాంగ్ ఫిల్మోర్ 1991లోనే హెచ్చరించారు. అమెరికాలో ఇంగ్లిష్ ప్రీస్కూళ్లకి వెళ్లిన వలస కుటుంబాల పిల్లలు ఇంటి భాష పోగొట్టుకుని, కన్నవాళ్లతోనే మాట్లాడలేని స్థితికి వచ్చారని. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో మన తెలుగు పిల్లల్ని ఎవరైనా ‘ఇంట్లో తెలుగు మానేయండి’ అంటే మనం ఊరుకుంటామా?

ఈ సంగతి మన రాష్ట్రానికి తెలియనిదీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర వంటి ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకి చదువు మొదలుపెట్టి, తెలుగుని మెల్లగా కలిపే కార్యక్రమం నడిచింది. కొండ మీద తెలిసిన కిటుకు కింద గాజువాకలో పనికిరాదా?

మళ్లీ ఆ కంచం దగ్గరికి వద్దాం. టీచరమ్మ ‘అండా కావాలా నాన్నా? ఇదిగో గుడ్డు. అండా, గుడ్డు... రెండూ ఒకటే!’ అందనుకోండి. నవ్విన పిల్లలే ‘అండా, అండా’ అని అరుస్తారు. ఒకడు చేప బొమ్మ తెచ్చి ‘మరి దీన్నేటంటారు?’ అని వాడినే అడుగుతాడు.

‘మాఛ’ అంటాడు వాడు.