మూసి ఉన్న మోటారు

1969లో వెలువడిన హోండా సి.బి. 750 మోటారు సైకిలుకు కిక్కుతో పాటు విద్యుత్ స్టార్టరు కూడా ఉండేది. ఆ తరపు జపాను బండ్లను నేటికీ భద్రంగా వాడుకొనేవారున్నారు. మీట నొక్కితే ‘టక్’మన్న శబ్దం తప్ప మరేమీ వినిపించనప్పుడు, కొందరు మెకానిక్కులు వెంటనే కొత్త మోటారు కొనమంటారు. మేము దీనితో ఏకీభవించము.

ముందుగా బ్యాటరీని చూడాలి. నిండుగా చార్జయిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. అది సరిగా ఉంటే తీగల కొసలకు పట్టిన తుప్పును, ఆపై రిలేను పరీక్షించాలి. ఇవన్నీ బాగున్నప్పుడే మోటారు విప్పాలి. అంతకుముందే బ్యాటరీ నెగటివ్ తీగ తొలగించడం మరువరాదు. సి.బి. 750లో మోటారు సిలిండర్ల వెనుక మూత కింద ఉంటుంది. లోపల ప్రధానంగా అరిగేవి కార్బన్ బ్రష్షులు. అవి రాగి కమ్యుటేటరును ఒరుసుకొంటూ విద్యుత్తును అందిస్తాయి. అరిగి పొట్టివైతే స్ప్రింగు వాటిని గట్టిగా అదిమి పట్టలేదు. కొత్త బ్రష్షులు వేసి, కమ్యుటేటరుపై నల్లపొరను సన్నని ఉప్పుకాగితంతో తుడిచి, గాడులలోని పొడి తీస్తే చాలాసార్లు మోటారు మళ్ళీ తిరుగుతుంది. ఖర్చూ స్వల్పమే.

దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున దాచిన తడిని బయటపెట్టిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. మూసి ఉన్న మోటారు కూడా అటువంటి రాశే. లోపల ఏముందో యజమానికి కనిపించదు.

ఆర్మేచరు వైండింగు నిజంగా కాలిపోతే కొత్తది తప్పకపోవచ్చు. అప్పుడు కాలినదానిని చూపమని అడగండి. పాత సామాను మీదే, ఇంటికి తెచ్చుకోండి.