వార్తల్లో పదం: కలుషిత స్థలం

కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2025 జూలైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలను ప్రకటించడంతో ఈ పదం వార్తల్లోకి వచ్చింది. గతంలో పారబోసిన ప్రమాదకర వ్యర్థాల వల్ల నేల, భూగర్భజలం, మడుగుల అడుగు మట్టి మనుషులకూ పర్యావరణానికీ హాని కలిగించే స్థితికి చేరిన చోటును కలుషిత స్థలం అంటారు. అనుమానిత స్థలాలను జిల్లా యంత్రాంగం గుర్తిస్తే, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షలు జరిపి నిర్ధారిస్తుంది. శుద్ధి ఖర్చును కాలుష్య కారకుడే భరించాలి, అతడు భరించలేనప్పుడు ప్రభుత్వాలు భరిస్తాయి. అణుధార్మిక వ్యర్థాలకు, గనుల కాలుష్యానికి ఈ నియమాలు వర్తించవు.

కాలుష్య కారకుడే చెల్లించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే రాజస్థాన్‌లోని బిచ్రి కేసులో స్థిరపరచినా, అమలు ఎంత కష్టమో హైదరాబాద్ సమీపంలోని పారిశ్రామిక ప్రాంతం పటాన్‌చెరు చూపుతుంది: అక్కడి పరిశ్రమల కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో దాఖలైన పిటిషన్ హైకోర్టుకు, ఆపై జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు బదిలీ అయి, 2017లో గాని తీర్పుకు రాలేదు. విజ్ఞానశాస్త్రపరంగా అక్కడి పాఠం మరింత విలువైనది. మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు, అంటే చికిత్సలో మనిషి రక్తంలో ఉండే స్థాయిని మించి, ఉన్నట్లు స్వీడన్ శాస్త్రవేత్తల బృందం 2007లో వెల్లడించింది. మామూలు వ్యర్థజల ప్రమాణాలు సేంద్రియ భారం వంటి అంశాలను కొలుస్తాయే తప్ప మందుల అవశేషాలను వెతకవు. ఏం పరీక్షించాలో ముందే నిర్ణయించని శుద్ధి ప్రణాళిక, ఎంత కఠినమైన చట్టం వెన్నంటి ఉన్నా, అసంపూర్ణమే.